ఖాళీ చేయకూడని అరలు

పప్పులో తేలుతున్నది కరివేపాకు కాదని మొదట కనిపెట్టింది మా అమ్మ.

డెబ్బై ఆరేళ్ల మనిషి. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ చేయించిన దగ్గర్నుంచి ఇంట్లో అందరికంటే ఆమెకే బాగా కనిపిస్తోంది. చేయించింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. చిటికెన వేలితో దాన్ని కంచం అంచుకు లాగింది. వెల్లకిలా తిప్పింది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఒక మెతుకు అడ్డం పెట్టి తీరిగ్గా చూసింది.

"బొద్దింక," అంది. "చిన్న రకం. ఆరు కాళ్లుండాలె గద. నాలుగే ఉన్నయ్."

ఎదురుగా మా ఆయన రెండోసారి పప్పు వేసుకుని కలుపుతున్నారు. ఆయన చేయి అక్కడే ఆగిపోయింది. నేను అప్పటికే పెరుగులోకి వచ్చేశాను. అంటే ఆ మిగిలిన రెండు కాళ్లూ మా ఇద్దరిలో ఎవరో ఒకరి కడుపులో ఉన్నట్టే. ఎవరి కడుపులో అన్న సంగతి మేమిద్దరం ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోం కూడా.

అమ్మ కంచం నెట్టేసి వెళ్లి చేయి కడుక్కుంది. మూడుసార్లు పుక్కిలించింది. వచ్చి సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని తీర్పు చెప్పింది.

"ఇగ ఈ వంటింట్ల వండింది నేను ముట్ట. తొక్క ఉన్నదేదన్న ఉంటే తెచ్చియ్యి, ఒల్సుకొని తింట."

"బయట నుంచి తెప్పిస్తానమ్మా, రేపటిదాకా."

"ఆళ్ల వంటిల్లు నువ్వు చూసొచ్చినవా?"

చూసి రాలేదు. తొక్క ఉన్నవంటే అరటిపండ్లు, బత్తాయిలు, పల్లికాయలు. వినడానికి నవ్వొచ్చే మాటే గానీ అమ్మకు ఇరవై ఏళ్లుగా షుగర్. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర, మాత్ర వెంట తప్పనిసరిగా అన్నమో రొట్టో పడాలి. అరటిపండ్లు తింటే షుగర్ పైకెక్కుతుంది. భయపడి అవీ తగ్గించి మాత్ర మాత్రం వేసుకుంటే ఒక్కసారిగా కిందికి పడుతుంది. ఈ మనిషి పట్టుదల నాకు తెలుసు. ఈ వంటిల్లు బాగుపడేదాకా ఆమె తినదు. ఎన్ని రోజులు అలా ఉండగలదన్నదే నా భయం.

ఉండేది నేరేడ్‌మెట్‌లో, మూడో అంతస్తు ఫ్లాటు. నేను, మా ఆయన, నాన్న పోయాక నా దగ్గరికి వచ్చేసిన అమ్మ. అంతకుముందు అమ్మానాన్నలది బొల్లారంలో కిరాణా దుకాణం. నేను పుట్టింది ఆసుపత్రిలోనే గానీ పెరిగింది మాత్రం శనగపప్పు బస్తాకూ బెల్లం బుట్టకూ మధ్య. అమ్మేవాళ్ల వైపు నుంచి బేరం ఎలా నిలబెట్టాలో పదేళ్లకే తెలుసు. పెళ్లయ్యాక కొనేవాళ్ల వైపు దూకి, అదే విద్యను అటు నుంచి వాడాను. కూరగాయలవాళ్లు నన్ను చూసి తక్కెడ సర్దుకునేవాళ్లు. అంత పేరుండేది నాకు.

ఆ పేరే మా వంటింటి కొంప ముంచింది.

తొమ్మిదేళ్ల కింద ఫ్లాటు కొన్నప్పుడు వంటింటికి కబోర్డులు చేయించాం. చేసిన వడ్రంగి మెట్టుగూడ నుంచి వచ్చేవాడు. నెమ్మదస్తుడు, మాటకు ముందు చెవి మీది పెన్సిల్ తీసి చేత్తో పట్టుకునే అలవాటు. అతనితో మూడు రోజులు బేరమాడాను. మైకా మీద ఆడాను, పిడుల మీద ఆడాను, తలుపు మడత బందుల మీద ఆడాను. ఇంకేం మిగల్లేదనుకుంటున్నప్పుడు అతని కాగితంలో ఒక వరుస కంటపడింది. అరల వెనక వేసే పలచటి ప్లైవుడ్డు.

"వెనక చెక్క ఎందుకయ్యా? వెనక గోడుంది గదా."

"గోడ వేరు, బ్యాకు వేరమ్మా. గోడకు చెమ్మ ఉంటది, పైపులు పోయిన తూట్లుంటయ్. పురుగు పుట్ర అంత అందులకెల్లే వస్తది."

"మా నాన్న దుకాణంలో అరలకు వెనక చెక్క ఎప్పుడూ లేదు. ఏ పురుగూ రాలేదు."

ఇది పచ్చి అబద్ధం. పురుగులొచ్చేవి. ఎలుకలొచ్చేవి. ఒక వానాకాలం తేలు కూడా వచ్చింది. దుకాణంలో సరుకు మధ్య ఏమేం తిరుగుతాయో దుకాణదారు కూతురికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసీ చెప్పకపోవడం మా చదువులో మొదటి పాఠం.

అతను పెన్సిల్‌తో ఆ వరుస కొట్టేశాడు. "మీ ఇష్టం. తర్వాత నన్ను అనొద్దు," అన్నాడు.

పక్కనే కూర్చున్న అమ్మ మురిసిపోయింది. "నా బిడ్డ," అంది. మా ఆయన మాత్రం పేపరు చదువుకున్నారు. ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్లో కనపడిన ప్రతి ఆడమనిషికీ ఈ సంగతి చెప్పాను. కింది ఫ్లాటు ఆవిడ నా మాట విని తనూ వెనక చెక్కలు తీసేయించింది. ఈ మధ్య ఆవిడ లిఫ్టులో నన్ను చూసి ఫోను చూసుకుంటోంది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

తలుపులు మూసి ఉంటే మా వంటిల్లు ఇప్పటికీ బొమ్మలా ఉంటుంది. తలుపు తీస్తేనే గొడవ. పైవరుస కబోర్డుల నెత్తి మీద తాలింపుల పొగ తొమ్మిదేళ్లుగా పేరుకుని, దాని మీద దుమ్ము పడి, మళ్లీ పొగ పట్టి, వేలు పెడితే వేలు అంటుకుపోయేంత చిక్కగా అయింది. పసుపు కాదు, నలుపు కాదు, ముక్కు చీదిన రుమాలు రంగు. తలుపు బందుల మూలల్లో గోధుమరంగు మడ్డి. స్టవ్వు పక్క అర పిడి వెనక చెయ్యి పెడితే చల్లగా, మెత్తగా ఏదో తగులుతుంది. సింకు కింద అడుగు చెక్క చెమ్మకు ఉబ్బి, టీలో ముంచిన రస్కులా పొరలు పొరలుగా లేచింది. అక్కడ తడిసిన గోనెపట్ట వాసన, దాని వెనక ఇంకో వాసన. పాత నూనె, పాత పురుగు కలిసిన వాసన. బొద్దింకలున్న ఇంట్లో బతికినవాళ్లకు ఆ వాసన చెప్పక్కర్లేదు. లేనివాళ్లకు చెప్పినా తెలియదు.

ఇలా అయ్యేదాకా తుడవలేదా అంటే, తుడిచాం. ప్రతి నెలా తుడిచాం. తుడిచిన పద్ధతిలోనే ఉంది తిరకాసంతా.

దుకాణంలో అర ఎప్పుడూ ఖాళీగా కనపడకూడదు. మాకు అది దేవుడి మాటకంటే పెద్దది. ఖాళీ అర చూసిన గిరాకీ వీళ్ల పని అయిపోయిందనుకుని పక్క దుకాణానికి పోతాడు, మళ్లీ తిరిగిరాడు. అందుకని నాన్న సబ్బుల వరుస వెనక ఇటుకలు పేర్చేవాడు. ఖాళీ డబ్బాలను లేబుల్ ముందుకు తిప్పి నిలబెట్టేవాడు. అర తుడవాలంటే సరుకంతా కుడికి జరిపి ఎడమ పక్క తుడిచేవాళ్లం. తర్వాత ఎడమకు జరిపి కుడి పక్క తుడిచేవాళ్లం. ఏ క్షణంలో ఎవరు గడపెక్కినా అర నిండుగానే కనపడాలి.

అమ్మ ఈ పద్ధతినే ఇంట్లోకి తెచ్చింది. నేను పుట్టింటి నుంచి కాపురానికి తెచ్చుకున్నాను. మా ఆయన కృష్ణా జిల్లా మనిషి. వాళ్లింట్లో శుభ్రం చేయడమంటే సామానంతా బయట పడేసి, గది కడిగి, ఎండబెట్టి మళ్లీ సర్దడం. పెళ్లైన కొత్తలో ఆయన అలా ఒక అల్మరా మొత్తం బయట పెడితే నేను ఏడ్చేశానట. అప్పటి నుంచి ఆయన నా అరల జోలికి రాలేదు. కాబట్టి తొమ్మిదేళ్లలో మా వంటింట్లో ఏ అరా ఒక్క పూట కూడా పూర్తిగా ఖాళీ కాలేదు. ఏ అర వెనక ఏముందో ఎవరం చూడలేదు.

పప్పు సంగతైన మర్నాడు పొద్దున్నే కొంగు ముక్కుకు కట్టుకుని నేనే దిగాను. మామూలుగానే సగం సగం. అడుగున పరిచిన పాత పేపర్లు చెక్కకు అతుక్కుపోయి, లాగితే దెబ్బ మీది పట్టీ ఊడినట్టు ఊడివచ్చాయి. వాటి కింద మిరియాల పొడి చల్లినట్టు రెట్టలు. విడిచిన పొరలు, ఊడిన రెక్కలు. డబ్బాలు కుడికి జరిపాను, ఎడమ రుద్దాను. డబ్బాలు ఎడమకు తెచ్చాను, కుడి రుద్దాను. సర్ఫు నీళ్లు మూడు బకెట్లు నల్లబడ్డాయి. నడుం పోయింది. ఇక బాగుపడిందనుకుని పసుపు డబ్బా ఎత్తి చోట్లో పెడుతుంటే, దాని అడుగు నుంచి రెండు మీసాలు బయటికొచ్చి అటూ ఇటూ ఊగాయి.

అప్పుడు అర్థమైంది. నేను డబ్బాలు కుడికి జరిపినప్పుడు అవీ కుడికి వచ్చాయి. ఎడమకు జరిపినప్పుడు అవీ ఎడమకు వచ్చాయి. తొమ్మిదేళ్లుగా ప్రతి నెలా నేను వాటిని నా చేతులతో మోసి, కడిగిన చోట దించుతున్నాను. డబ్బా సింకులో పడేసి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని, గోకి గోకి కడుక్కున్నాను. కడుక్కున్నా అది చేతి మీద పాకుతున్నట్టే ఉంది.

ఆ రోజంతా అమ్మ రెండు బత్తాయిలు తింది, గుప్పెడు పల్లికాయలు ఒలుచుకుంది.

మందు పెట్టేవాణ్ణి పిలిచాం. నలభై ఏళ్ల మనిషి, భుజాన సంచి, చేతిలో ఇంజెక్షన్ పిచికారీ లాంటి గొట్టం. టార్చి వేసి మూల కబోర్డు సందులోకి ఒక్కసారి చూసి వెంటనే తల వెనక్కి తీసుకున్నాడు. వాడు రోజూ చూసేది ఇవే. వాడే తల వెనక్కి తీసుకున్నాడు.

"మస్తుగున్నయ్ అమ్మా. మొత్తం ఖాళీ చెయ్యాలె. ఒక్క డబ్బ సుత ఉండొద్దు."

"సగం ఇవాళ, సగం రేపు చేద్దాం. రేటు కూడా సగం సగం తీసుకో."

అలవాటు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. వాడు నా మొహం కేసి జాలిగా చూశాడు.

"సగం సగం చేస్తే ఆటికి ఇల్లు మార్పిచ్చినట్టమ్మా. ఇయ్యాల ఈడ కిరాయికుంటయ్, రేపు ఆడ కిరాయికుంటయ్. మందు దండుగ, నా మాట దండుగ."

హాల్లోంచి అమ్మ గొంతు. "ఖాళీ చేసుడు నడ్వది. జెర ఇట్లనే చెయ్యమను, లేకుంటే పొమ్మను."

"అరలు కడిగినంక మళ్ల పెట్టుకుంటరు గద పెద్దమ్మా," అన్నాడు వాడు.

"నీకేం ఎరుక! ఖాళీ అర ఇంట్ల ఉంటే ఇల్లు దివాలా తీస్తది. మా ఆయన యాభై ఏండ్లు దుకాణం నడిపిండు. ఒక్క దినం ఖాళీ అర చూడలే నేను."

"మరి తినకుండా కూర్చుంటే ఎట్లా అత్తయ్యగారూ?" అన్నారు మా ఆయన. "కడిగితే తింటానంటారు, కడగనివ్వరు. మేమేం చెయ్యాలి?"

అమ్మ ఆయనతో నేరుగా వాదించదు. నా వైపు తిరిగి, "బాబుకు చెప్పు, నేను తినక సస్తలేను, మస్తు తింటున్న," అంటూ ఒలిచిన పల్లికాయ డొల్లలు చూపించింది.

మందువాడు సంచి సర్దుకున్నాడు. ఖాళీ చేసిన రోజు ఫోను చేయమని చెప్పి వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున అమ్మ స్నానానికి లేచి, బాత్రూం తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పిలిస్తే పలకలేదు. నుదురంతా చెమట. పట్టుకున్నాను, ఒళ్లు నీళ్లలో నానిన గుడ్డలా చల్లగా నా మీద పడింది. ముందురాత్రి ఒక్క అరటిపండు తిని మాత్ర వేసుకుందని నాకు తర్వాత తెలిసింది. సోఫాలో కూర్చోబెట్టి, వంటింట్లోకి పరుగెత్తి చక్కెర డబ్బా తెచ్చి, చెంచాడు నోటి దగ్గర పెట్టాను.

ఆ స్థితిలో కూడా పళ్లు బిగించింది.

"ఆ డబ్బల చెక్కర... వద్దు."

"అమ్మా, నోరు తెరువే!"

"వద్దంటున్న."

మా ఆయన చొక్కా జేబులన్నీ తడిమి, ఎక్కడో బస్సులో చిల్లరకు బదులు ఇచ్చిన చాక్లెట్ ఒకటి తీశారు. అమ్మ దాని కాగితాన్ని మసక కళ్లతో అటూ ఇటూ తిప్పి చూసి, చిరిగి లేదని నమ్మకం కుదిరాకే నోరు తెరిచింది. పది నిమిషాలకు రంగు తిరిగింది. ఆ పది నిమిషాలూ నేను ఆమె కాళ్ల దగ్గర కింద కూర్చుని, నా చేతిలోని చక్కెర డబ్బా వైపు చూస్తున్నాను. మూత గాడిలో చక్కెర పలుకుల మధ్య ఒక నల్లటి చుక్క ఉంది. ఆమె పళ్లు బిగించి మంచి పనే చేసింది.

ఆ మధ్యాహ్నం నా జీవితంలో అన్నిటికంటే కష్టమైన బేరానికి కూర్చున్నాను. అవతల ఉన్నది నాకు బేరం నేర్పిన మనిషి.

ముందు పెద్దది అడగాలి. "మొత్తం వంటిల్లు రెండు రోజులు ఖాళీ పెడతా," అన్నాను.

"నడ్వది."

"సరే, ఒక్కరోజు."

"ఒక్క గంట సుత నడ్వది."

"కింది అరలు మాత్రం."

"ఊహూ."

లేచాను. ఇక నాకు అక్కర్లేదన్నట్టు గుమ్మం వైపు నెమ్మదిగా రెండడుగులు వేశాను. ఎంత గట్టి దుకాణదారైనా మూడో అడుగుకు వెనక్కి పిలుస్తాడు. నాలుగో అడుగు కూడా వేశాను. పిలుపు లేదు. తిరిగి చూస్తే అమ్మ మంచం మీద పడుకుని నవ్వుతోంది.

"ఆ నడక నేనే నేర్పిన గదనే. పో పో, గడప దాటు."

వెళ్లి మంచం అంచున కూర్చున్నాను. నా దగ్గర ఇంక విద్యలేమీ మిగల్లేదు.

"పొద్దున నువ్వు నా మీద పడ్డప్పుడు ఒళ్లు చల్లగ తగిలిందమ్మా," అన్నాను. "నాకు భయమైంది."

అమ్మ నవ్వు ఆపింది. తర్వాత, ఒక పాత గిరాకీకి ఆఖరి మాట చెప్పే గొంతుతో అంది: "అర మొత్తం బోడిగ కావొద్దు. ఒక్కటన్న ఉండాలె దాంట్ల."

"ఏముండాలి?"

"ఉప్పు పెట్టు. ఉప్పుకు పురుగు పట్టది."

మా వంటింట్లో అరలు పద్నాలుగు. సందు చివరి కొట్టుకు వెళ్లి పద్నాలుగు ఉప్పు ప్యాకెట్లు అడిగితే కొట్టతను, "ఏందక్కా, ఇప్పుడు పచ్చడి పెడుతున్నరా?" అన్నాడు. ఇన్ని కొంటున్నాను గదా, ఒకటి ఊరికే రాదా అని అడిగాను. అడగకుండా ఎలా వస్తాను? ఒక అగ్గిపెట్టె ఇచ్చాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. మా ఆయన పంచె ఎగ్గట్టి దిగారు. ముప్పై ఏళ్లుగా ఎదురుచూసిన రోజు వచ్చినట్టుంది ఆయన మొహం. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఒక్కో అర ఖాళీ అవుతుంటే తన చేత్తోనే ఉప్పు ప్యాకెట్ ముందుకు చాచి, "పెట్టు, ముందుగాల ఇది పెట్టు," అంటూ అందించింది.

హాలంతా సామాను పరుచుకుంది. నా సామాను నేనే గుర్తుపట్టలేదు. ఒకే రకం గాజు సీసాలు పదకొండు, మూతల్లేవు. ప్లాస్టిక్ కవర్లు కుక్కిన ప్లాస్టిక్ కవర్లు. వాము పొట్లం, విప్పితే లోపల అంతా బూజు, గూడు. ఒక అర వెనక భాగమంతా ఊరికే వచ్చిన సాసు పొట్లాలు. ఊరికే వచ్చేది వద్దనడం నాకు చేతకాదు. ఇంటికి పార్సిల్ ఎప్పుడొచ్చినా అవి పది ఎక్కువ వేయమనేదాన్ని. ఎప్పుడో పగిలి, కారి, దెబ్బ మీద గడ్డకట్టిన నెత్తురులా ఎండిపోయాయి. ఆ గడ్డలో సగం మునిగి చచ్చిన బొద్దింకలు, కాళ్లు పైకి, ఒకదాని పక్కన ఒకటి. మా ఆయన అట్లకాడతో గీరి తీస్తుంటే ఆ చప్పుడుకు నాకు వాంతి వచ్చింది. నిజంగానే వచ్చింది. బాల్కనీలోకి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి మందువాడు వచ్చి ఉన్నాడు. మిగిలింది మూల కబోర్డు ఒక్కటే. గట్టు మలుపు తిరిగే చోట లోపలికి లోతుగా ఉంటుంది, చేయి అందదు. ముందు వరుస డబ్బాలు తీశాను. రెండో వరుస తీశాను. దాని వెనక ఏమీ లేదు, గోడ కనపడింది. ముదురు గోధుమరంగు గోడ. మా గోడలకు వేయించింది తెల్ల సున్నం కదా, ఇది ఈ రంగు ఎప్పుడైందా అనుకుంటున్నాను.

వాడు టార్చి వేశాడు. గోడ కదిలింది.

గోడ రంగు కాదు అది. పైనుంచి కిందిదాకా ఒకదాని మీద ఒకటి, సందు లేకుండా, చిన్నా పెద్దా. వెలుతురు పడగానే అన్నీ ఒకేసారి పక్కకు జారాయి, పంచె కుచ్చెళ్లు లాగినట్టు. వాటి కింద కందిగింజలంత గుడ్ల సంచులు చెమ్మకు గోడకే అంటుకుని వరుసలు వరుసలుగా ఉన్నాయి. పైపు పోయిన తూటు చుట్టూ నల్లగా, తడిగా మెరుస్తోంది. నేను అక్కడి నుంచి కదల్లేకపోయాను. నా చేతిలో ఉప్పు ప్యాకెట్ ఉంది. అందులో దాన్ని పెట్టాలి.

"వెనక ప్లై ఏదమ్మా?" అన్నాడు వాడు.

"వడ్లాయన వెయ్యలే," అన్నాను టక్కున.

మా ఆయన పైకప్పు కేసి చూశారు. అమ్మ కొంగు ముక్కు మీంచి తీసింది.

"ఆయన వేస్తనన్నడు," అంది. "ఇదే వద్దన్నది. నేను పక్కనే ఉన్న. శాబాష్ అన్న. మొత్తుకున్నడు ఆయన."

మందువాడు నన్నొకసారి, ఆమెనొకసారి చూశాడు. సంచిలోంచి పీల్చే మిషన్ తీసి గొట్టం లోపలికి పెట్టాడు. అవి గొట్టంలోంచి పోతుంటే టపటపమని చప్పుడు, తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు. ఎంతసేపటికీ ఆగదే. ఆ చప్పుడు విన్నాక వారం రోజులు నేను తాలింపు వేయలేదు.

తర్వాత పైపు తూట్లు మూశాడు. సింకు కింది చెక్క పీకేశాడు, పీకుతుంటే తడి పిండిలా చేతిలోనే విరిగింది. మేము వేణ్ణీళ్లు, సోడా పొడి, ఇనప పీచుతో అర అరా రుద్దాం. కడిగి, తుడిచి, ఆరాక బందుల మూలల్లో వాడు గింజంత గింజంత మందు పెట్టాడు. రుద్దడానికి ప్రతిసారీ ఉప్పు ప్యాకెట్ ఎత్తి చంకలో పెట్టుకున్నాను, తుడిచాక మళ్లీ అరలో పెట్టాను. అమ్మ కళ్లు ఆ ప్యాకెట్ల మీదే ఉన్నాయి. ఆ తర్వాతి వారం మెట్టుగూడ కార్పెంటర్‌నే వెతికి పిలిపించి వెనక చెక్కలు వేయించాను. అతను లోపలికి చూసి, నన్ను చూసి, ఒక్క మాట అనకుండా పెన్సిల్ తీసుకుని కొలతలు రాసుకున్నాడు. అన్నా బాగుండేది.

అరలు కడిగిన రోజు సాయంత్రమే, ఇంకా వెలుతురుండగానే అమ్మ కుర్చీలోంచి లేచింది. నాలుగు రోజుల తర్వాత వంటింట్లోకి అడుగుపెట్టింది. ఒక్కో తలుపూ తీసి, మొహం లోపలికి పెట్టి వాసన చూసింది. బందు మూలల వెనక వేలు తిప్పి, వేలిని కిటికీ వెలుతురులో చూసుకుంది. మూల కబోర్డు దగ్గర నేను మొహం తిప్పుకున్నాను. ఆమె మాత్రం టార్చి తీసుకుని, వంగి, అందరికంటే ఎక్కువసేపు చూసింది.

"ఇంతేనా?" అంది. "నేనింకేమో అనుకున్న."

"ఇంతేనా ఏందమ్మా? పొద్దున చూడలేదా నువ్వు?"

"చూసిన. అందుకే అంటున్న. మన బొల్లారం దుకాణంల బెల్లం బుట్ట ఎనక ఇంతకు రెండింతలుండె. పొద్దుగాల మీ నాయన చీపురుతోని కొట్టి సరుకు అమ్ముతుండె. నీకు చెప్పలే ఎప్పుడు."

చెప్పలేదు. ఆ బెల్లం నేను తిన్నాను, రోజూ గడ్డలు గడ్డలుగా.

జొన్నపిండి కొత్త ప్యాకెట్ తెప్పించుకుని, మూతి తన పళ్లతోనే చింపింది. పెనం తనే ఒకసారి తోమింది, నేను తోమింది సరిపోలేదు. నీళ్లు కాచి, పిండి కలిపి, తడి చేత్తో రొట్టె కొట్టింది. నాలుగు రోజులు సరిగ్గా తినని మనిషి, అయినా రొట్టె గుండ్రంగానే వచ్చింది. గట్టు దగ్గర నిలబడే, వేడివేడిగా, కారం అద్దుకుని మొదటిది తింది. నీళ్లు తాగి మాత్ర వేసుకుంది. రెండోది పెనం మీద వేస్తూ, "కూసో, నీకు సుత పెడ్త," అంది.

కంచంలో రొట్టె పడింది. ముక్క తుంచాను. నోటి దాకా తెచ్చాను. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు కడుక్కున్నానో గానీ, నా వేళ్ల నుంచి ఆ వాసన వచ్చింది. గోడ మళ్లీ కదిలింది. ముక్క కంచంలో వదిలేశాను.

అమ్మ నా మొహం చూసింది.

"తినవా?"

తల అడ్డంగా ఊపాను.

"నాకు మొత్తం చూసినంక రోత పోయింది. నీకు చూసినంక పట్టింది," అంటూ నా కంచం తన ముందుకు లాక్కుంది. నేను తుంచిన ముక్కతో సహా కారంలో అద్ది నోట్లో పెట్టుకుని, నములుతూనే, "ఉల్లిగడ్డ ఒకటి కొయ్యి జెర," అంది.

లేచి ఉల్లిగడ్డ కోసిచ్చాను. రెండో రొట్టె కూడా పూర్తిగా తింది.